నోటీసు లేని లాకౌట్



లాకౌట్ అంటే ఏమిటో మిల్లు కార్మికులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయినవాడు మళ్ళీ పనికి వచ్చేసరికి గేటుకు తాళం ఉంటుంది. తాళం పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం ఉంటే మనం చదువుకుంటాం. చదవలేనివాడికి పక్కవాడు చదివి చెప్తాడు. కారణం తెలిస్తే సగం భయం తీరుతుంది. కాగితం లేకుండా తాళం ఒక్కటే కనిపిస్తే? ఎందుకు మూశారో, ఎన్నాళ్ళు మూస్తారో, కూలి వస్తుందో రాదో చెప్పే దిక్కే లేకపోతే? అప్పుడు కడుపులో పడే మెలిక మనలో చాలామందికి అనుభవమే.

2020 మార్చి 24న రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో మాట్లాడారు. అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూత అన్నారు. 130 కోట్ల జనానికి ఇచ్చిన నోటీసు నాలుగు గంటలు. అది చాలదని అప్పుడే అన్నాం, ఇప్పుడూ అంటున్నాం. అయినా మనకు ఆ నాలుగు గంటలైనా దక్కాయి. రోగమొకటి వచ్చిందనీ, అందుకే తలుపులు మూస్తున్నారనీ మనకు అర్థమయింది. మన ఇళ్ళల్లోనే కొందరికి అదీ దక్కలేదు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు, ఆటిజం ఉన్నవాళ్ళు, డౌన్ సిండ్రోమ్‌తో పుట్టినవాళ్ళు. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పాలని చాలామందికి తోచనే లేదు. వాళ్ళ లోకానికి కాగితం లేని తాళం పడింది.

కరోనా పోయి ఏళ్ళయింది, ఇప్పుడెందుకు ఈ గోల అని కొందరు సభ్యులు అడగవచ్చు. వాన వెలిసినప్పుడే గదా ఇంటికప్పు సరిచేసుకునేది. మహమ్మారులు రాకుండా పోవు. ఈసారి వచ్చేనాటికి మన దగ్గర ఒక ఏర్పాటు ఉండాలి. అది ఈ పిల్లల తల్లులు మాత్రమే అడిగితే వచ్చేది కాదు, అందరం కలిసి అడగాలి.

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ఇది పిచ్చి కాదు. మంచిగా ఉన్న మనిషికి నడుమన మతి చలించడం వేరు, పుట్టుకతోనో పసితనంలోనో మెదడు ఎదుగుదల మరో దారి పట్టడం వేరు. రెండోదాన్ని ఎదుగుదల లోపం అంటారు. 20 ఏళ్ళ మనిషికి ఆరేళ్ళ పిల్లవాడికి ఉన్నంత గ్రహింపే ఉండవచ్చు. ఆటిజం ఉన్నవాడికి తెలివి బాగానే ఉండి, ఎదుటివారి మాటలో, ముఖంలో ఉన్న భావం పట్టుకోవడం కష్టం కావచ్చు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. అందులో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళే 15 లక్షలు. కడంబూరు నుంచి కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగర్ దాకా మిల్లు కార్మికులున్న ఏ వీధిలోనైనా అలాంటి ఇల్లు ఒకటి కనబడుతుంది. వీళ్ళను మనం "లూసు" అంటాం, "మంద" అంటాం, ఆ తల్లి వినేటట్టే అంటాం. ఆ మాటలు మానుకోవడానికి చట్టం అక్కరలేదు, సంస్కారం చాలు.

వీళ్ళకు మూత ఎందుకంత దెబ్బ అయిందో చూద్దాం. మిల్లు మనిషికి సైరన్ ఎట్లాంటిదో వీళ్ళకు రోజువారీ వరస అట్లాంటిది. తెల్లారితే కాఫీ, తర్వాత స్నానం, తర్వాత బడి వ్యాను, మధ్యాహ్నం నాన్న షిఫ్టు దిగి రావడం, శుక్రవారం గుడి, ఆదివారం మాంసం. మనకు ఇవి అలవాట్లు. వాళ్ళకు ఇవి గోడలు. ఆ గోడలకు ఆనుకునే వాళ్ళు నిలబడతారు. రాబోయేది ఏమిటో ఊహించుకునే శక్తి తక్కువ గనుక, నిన్న జరిగినట్టే నేడూ జరుగుతుందన్న నమ్మకమే వాళ్ళకు ధైర్యం. ఆ గోడలన్నీ ఒక్క రాత్రిలో కూలాయి. వ్యాను రాలేదు. గుడి మూశారు. ఎప్పుడూ పగలు ఇంట్లో ఉండని నాన్న రోజంతా మూల కూర్చుని ఉన్నాడు. వీధిలో తెలిసిన ముఖాలన్నీ సగం గుడ్డ చాటున దాక్కున్నాయి.

దానికి తోడు వింత శబ్దాలు. మార్చి 22 సాయంత్రం 5 గంటలకు దేశమంతా పళ్ళేలు మోగించింది. శబ్దం పడని ఆటిజం పిల్లవాడికి ఆ మోత ఎట్లా ఉంటుందో రింగ్ ఫ్రేముల మధ్య మొదటి రోజు నిలబడ్డవాడు కొంత ఊహించగలడు. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలన్నీ ఆర్పమన్నారు. ఎందుకో తెలియని బిడ్డకు అది ఉన్నట్టుండి చీకటి. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, తర్వాతే జాగ్రత్తలు చెప్పేవారు. అమ్మకు ఫోన్ చేసిన ప్రతిసారీ ఎవరో దగ్గుతుంటే ఆ బిడ్డ ఏమనుకోవాలి? ఇవన్నీ మంచి ఉద్దేశంతో చేశారనే అనుకుందాం. కాని చేసేవారి లెక్కలో ఈ పిల్లలు లేరు.

మన సంఘంలో ఫ్రేము సైడు చూసే అక్క ఒకామె ఉంది. ఆమె కొడుకుకు అప్పటికి 20 ఏళ్ళు. మాటలు పదో పన్నెండో వస్తాయి. రోజూ సాయంత్రం 5 గంటలకు తాతతో కడంబూరు స్టేషనుకు పోవడం వాడి ఉద్యోగం. బెంచీ మీద కూర్చుని, బండి వస్తే చేయి ఊపి, ఒక పోళీ తిని ఇంటికి వచ్చేవాడు. ఆ మార్చి నెలలో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. 5 గంటలకు వాడు చొక్కా వేసుకుని, తాత చెప్పులు తెచ్చి తాత కాళ్ళ ముందు పెట్టాడు. "రేపు పోదాము నాయనా" అన్నారు. మర్నాడూ చెప్పులు తెచ్చాడు. మళ్ళీ రేపు అన్నారు. పదిరోజులు అట్లాగే గడిచాయి. ఆ తర్వాత వాడు చెప్పులు వీధిలోకి విసిరేసి, తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రి నిద్ర పోయింది. అన్నం పోయింది. చిన్నప్పుడే మానిన పక్క తడపడం మళ్ళీ వచ్చింది. ఇరుగు పొరుగు వాళ్ళు వీడికి రోగం తగిలిందని దూరం జరిగారు.

ఇది పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. దీని పేరు ఆందోళన. మనకు దిగులు పట్టుకుంటే నోటితో చెప్పుకుంటాం, టీకొట్టు దగ్గర నలుగురితో పంచుకుంటాం. మాట రానివాడి దిగులు ఒంటి మీదుగా బయటికి వస్తుంది. ఒకే ప్రశ్న వందసార్లు అడగడం, ఇంట్లో అటూ ఇటూ ఆగకుండా తిరగడం, చేయి కొరుక్కోవడం, అమ్మ కొంగు వదలకపోవడం, వచ్చిన పనులు మరిచిపోవడం, చెవులు మూసుకుని మూల కూర్చోవడం అన్నీ ఆ దిగులు మాట్లాడే భాషే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగడం చేతగాని బిడ్డ ఇట్లాగే అడుగుతాడు.

ఆ భాష తెలియనప్పుడు మనకు తోచే మందులు మూడు. కొట్టడం, కట్టేయడం, నిద్రమాత్ర వేయడం. కొడితే భయం రెట్టింపవుతుంది. డాక్టరు రాయని మాత్ర ప్రాణానికే ముప్పు. ఇక కట్టేయడం గురించి మన ప్రాంతానికి వేరే పాఠం అక్కరలేదు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు పరుగెత్తలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళది వేరే జబ్బే కావచ్చు, గొలుసు మాత్రం అదే గొలుసు. బిడ్డను కట్టేసిన తల్లిని రాక్షసి అనడం సులభం. ఆమె షిఫ్టుకు పోతే ఆ ఎనిమిది గంటలు వాణ్ణి చూసేది ఎవరని అడిగినవాడే ఆ మాట అనడానికి అర్హుడు.

తలుపు గడియ వేయడానికి ఇంకొక కారణం వీధి. దిగులు పట్టిన కుర్రవాడికి నాలుగు అడుగులు బయట నడవడమే మందు. కాని ఆ రోజుల్లో వీధిలో లాఠీ ఉంది. మన తూత్తుకుడి జిల్లాలోనే, సాత్తాన్‌కుళంలో, దుకాణం వేళకు మూయలేదన్న ఆరోపణపై 2020 జూన్ 19న పోలీసులు పట్టుకుపోయిన తండ్రీ కొడుకులు జయరాజ్, బెనిక్స్ సంగతి దేశమంతటికీ తెలుసు. వాళ్ళను తెచ్చి పెట్టింది మన కోవిల్పట్టి సబ్‌జైలులో. వాళ్ళు ప్రాణం విడిచింది మన కోవిల్పట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో, జూన్ 22 రాత్రి కొడుకు, 23 తెల్లవారుజామున తండ్రి. మాట తెలిసిన వ్యాపారులకే ఆ గతి పడితే, "ఎక్కడికి పోతున్నావు" అంటే జవాబు చెప్పలేని బిడ్డను ఏ తల్లి వీధిలోకి వదుల్తుంది? మాస్కు లేకపోతే 200 రూపాయలు జరిమానా. గుడ్డ ముఖానికి తగిలితేనే కేకలు పెట్టే పిల్లవాడికి ఆ జరిమానా ఎవరు రద్దు చేశారు?

వేరే దేశాల్లో ఏమి చేశారో చూడండి. ఫ్రాన్సులో 2020 ఏప్రిల్ 2న అధ్యక్షుడు మక్రాన్ ఆటిజం ఉన్నవాళ్ళు తమకు అలవాటైన చోట్లకు పోవచ్చని కట్టడి సడలించాడు. బ్రిటన్‌లో ఏప్రిల్ 8న ఆటిజం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు రోజుకు ఒకసారి కంటె ఎక్కువ బయటికి రావచ్చని, అవసరమైతే తమ ప్రాంతం దాటి పోవచ్చని నిబంధన మార్చారు. మాస్కు పెట్టుకోలేనివారికి అక్కడ మినహాయింపు కూడా ఇచ్చారు. స్పెయిన్‌లోనూ బయట తిరగడానికి అనుమతి ఉంది. అయినా మిద్దెల మీది నుంచి జనం తిడుతుంటే, తల్లిదండ్రులు పిల్లల చేతికి నీలం గుడ్డ కట్టి నడిపించారు. ఈ ఏర్పాట్లకు కోట్లు ఖర్చు కాలేదు. ఒక ఉత్తర్వు, ఒక గుర్తు చాలాయి.

మన దేశంలో కాగితం లేదని కాదు. మార్చి 26నే కేంద్ర వికలాంగుల శాఖ మార్గదర్శకాలు పంపింది. సమాచారం అందరికీ అర్థమయ్యే రూపంలో ఇవ్వాలని, వికలాంగులను చూసుకునేవారికి పాసులు ఇవ్వాలని అందులో ఉంది. తాళం పడిన తర్వాత వచ్చిన ఆ కాగితాన్ని మన వీధి చివర నిలబడ్డ కానిస్టేబులు చేతికి ఎవరు ఇచ్చారు? ఆ తల్లి చేతికి ఎవరు ఇచ్చారు?

ఇప్పుడు మన పనికి నేరుగా తగిలే సంగతికి వస్తాను. కట్టడి సడలించాక మిల్లులు ఒక్కొక్కటిగా తెరిచారు. బడులు మాత్రం తెరవలేదు. తమిళనాడులో 9 నుంచి 12 తరగతులు 2021 సెప్టెంబరు 1న, 1 నుంచి 8 తరగతులు నవంబరు 1న తిరిగి మొదలయ్యాయి. అంటే చిన్న తరగతుల పిల్లలు ఏడాదిన్నర పైగా బడి ముఖం చూడలేదు. మామూలు బిడ్డ అయితే అవ్వ దగ్గరో పక్కింట్లోనో ఉంటుంది, ఫోనులో పాఠం వింటుంది. ఎదుగుదల లోపం ఉన్న బిడ్డకు ప్రత్యేక బడి ఒక్కటే చోటు. అక్కడి టీచరుకే వాడి సైగలు తెలుసు. ఫోను తెరలో ఆ టీచరు ముఖం కనిపిస్తే ఫోను వెనక్కి తిప్పి ఆమె కోసం వెతికే పిల్లలకు ఫోను పాఠం ఏమి పాఠం? మిల్లు రమ్మంటుంది, బడి రావద్దంటుంది. మధ్యన తల్లి పని మానుకుంటుంది. మానుకున్నది ఆడవాళ్ళే. ఆ ఇంట్లో ఒక కూలి పోయింది, దిగులు ఇద్దరిదయింది. తల్లి దిగులు బిడ్డకు అంటుతుంది, బిడ్డ దిగులు తల్లికి తిరిగి వస్తుంది.

కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే మహిళకు పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజులు సెలవు ఉంది. బిడ్డ వికలాంగుడైతే వయోపరిమితి కూడా లేదు. వికలాంగ బిడ్డను చూసుకునే కేంద్ర ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి మినహాయించాలని 2014లో ఉత్తర్వు వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు తన బిడ్డ కోసం ఇలాంటి సెలవు అడిగి, రాష్ట్రం కాదంటే సుప్రీంకోర్టుకు ఎక్కింది. అలాంటి తల్లులకు సెలవు లేకుండా చేయడమంటే స్త్రీలను ఉద్యోగం నుంచి బయటికి నెట్టడమేనన్న దృష్టితో 2024 ఏప్రిల్ 22న న్యాయస్థానం ఆ రాష్ట్రాన్ని తన విధానం తిరిగి పరిశీలించమంది. మంచిదే. కుర్చీలో కూర్చునే తల్లికి న్యాయమైనది ఫ్రేము ముందు నిలబడే తల్లికి అన్యాయం ఎట్లా అవుతుంది?

షిఫ్టులు మారిస్తే ఫ్రేములు ఎవరు చూస్తారని యాజమాన్యం అడుగుతుంది. పెళ్ళికి, తిరునాళ్ళకు, చావుకు మనలో మనం షిఫ్టు మార్చుకోవడం లేదా? ఒక డిపార్టుమెంటులో ఇలాంటి ఇళ్ళు ఒకటో రెండో ఉంటాయి. వారం వారం షిఫ్టు తిరగడం ఆ బిడ్డ వరసనూ వారం వారం కూలుస్తుంది. అలాంటి తల్లికో తండ్రికో ఒకే షిఫ్టు స్థిరంగా ఇస్తే మిల్లుకు నష్టం లేదు. తోటి సభ్యులు కొంచెం సర్దుకోవాలి, అంతే. "నాకెందుకు ఎప్పుడూ రాత్రి షిఫ్టు" అని మనలో ఒకరు గొణిగితే ఆ మాట యాజమాన్యానికి సాకు అవుతుంది.

రోగం నేరుగా వచ్చిన ఇళ్ళ సంగతి ఇంకా కష్టం. ముక్కులో పుల్ల పెట్టే పరీక్ష, అంతరిక్షంలోకి పోయేవాడిలాగా దుస్తులు తొడుక్కున్న మనిషి, అమ్మను లోపలికి రానివ్వని వార్డు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి కరోనా ప్రాణాపాయం మామూలు వాళ్ళకంటె చాలా ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. అయినా టీకా వేళకు ఏమయింది? 2021 మార్చి 1 నుంచి 60 దాటినవారికి, 45 నుంచి 59 లోపు ఉండి ఎంచిన జబ్బులున్నవారికి టీకా అన్నారు. ఆ జాబితాలో బుద్ధిమాంద్యం ఉంది. కాని 30 ఏళ్ళ డౌన్ సిండ్రోమ్ మనిషి వయసు చాలక ఆగిపోయాడు. 18 దాటినవారికి తలుపు తెరిచింది మే 1న. అప్పటికి రెండో అల ఇళ్ళమీద పడి ఉంది. మే 10 నుంచి తమిళనాడు మళ్ళీ మూతపడింది. ఈ పిల్లలకు మళ్ళీ మొదటికే వచ్చింది.

ఆ నెలల్లో ప్రతి తల్లి గుండెల మీది కుంపటి ఒక్కటే. "నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తారు?" ఈ దిగులును మాటలతో తీర్చలేం, కొంత కాగితాలతో తీర్చవచ్చు. సభ్యులు తెలుసుకోవలసినవి చెప్తాను. ఇ.ఎస్.ఐ.లో మామూలుగా కొడుకు ఒక వయసు దాటితే వైద్యం ఆగుతుంది. బిడ్డ శారీరక లేక మానసిక లోపంతో పూర్తిగా మన సంపాదన మీదే ఆధారపడి ఉంటే, ఆ లోపం ఉన్నంత కాలం వైద్యం అందుతుంది. వయసు దాటిందని పేరు కొట్టేస్తే ఊరుకోవద్దు. 1995 ఉద్యోగుల పింఛను పథకంలో, సభ్యుడు చనిపోతే శాశ్వతంగా, సంపూర్ణంగా వికలాంగులైన బిడ్డకు వయసుతో నిమిత్తం లేకుండా పింఛను ఉంది. 18 దాటిన బిడ్డకు చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించడానికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లాలో కమిటీ ఉంటుంది. వీటన్నిటికీ మొదటి మెట్టు వికలాంగుల గుర్తింపు కార్డు. 2020 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగులకు 1000 రూపాయలు ఇచ్చినప్పుడు కార్డు ఉన్నవారికే ఇచ్చింది. కార్డు తీసుకోవడం బిడ్డకు ముద్ర వేయడమని కొందరు పెద్దలు వెనకాడతారు. ఆకలికి, ఆపదకు ఆ సిగ్గు పనికిరాదు.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. ఈ పిల్లలతో పనిచేసేవారు చెప్పేది ఇంచుమించు ఒక్కటే. నిజం చెప్పండి, చిన్న మాటల్లో చెప్పండి, ముందుగా చెప్పండి. పైన చెప్పిన అక్క కొడుకు విషయంలో దారి కనుక్కున్నది తాతే. "రేపు" అనడం మానేశాడు. మనవణ్ణి కూర్చోబెట్టుకుని, "బండి రాదు. ఎప్పుడొస్తుందో తాతకు తెలియదు. తెలిసిన రోజు నీకే ముందు చెప్తా" అన్నాడు. కాలెండరులో రోజూ ఒక గడి కొట్టించాడు. 5 గంటలకు చొక్కా, చెప్పులు మాననివ్వలేదు. స్టేషనుకు బదులు మిద్దె ఎక్కించాడు. గూడ్సు బండ్లు నడుస్తున్నాయి గదా, దూరాన ఒక గూడ్సు పోతే వాడు చేయి ఊపాడు. తల కొట్టుకోవడం ఒక్కనాట ఆగలేదు, మెల్లగా తగ్గింది. మిల్లు ఎప్పుడు తెరుస్తారని అడిగితే "రేపు, రేపు" అని నెలలు జరిపిన చోట మనకు కోపం ఎందుకు వచ్చేది? తెరవనందుకు కొంత, అబద్ధానికి ఎక్కువ. ఆ బిడ్డ కోపమూ అదే.

వరసలో ఏది పోయినా తిండి, స్నానం, నిద్ర వేళలు మారకుండా చూడండి. రోజు పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటించండి, అయిపోయినదాన్ని బిడ్డ చేతనే కొట్టించండి. చావుల లెక్క చెప్పే టీవీ వార్తలు ఆ బిడ్డ ముందు పెట్టవద్దు. మాట అర్థం కాకపోయినా గొంతులోని భయం అర్థమవుతుంది. మాస్కు ఒక్కసారిగా తగిలించవద్దు. మొదట చేతికివ్వండి, తర్వాత బొమ్మకు కట్టండి, తర్వాత ముఖానికి తాకించి అయిదు లెక్కపెట్టి తీయండి, అట్లా రోజురోజుకూ పెంచండి. ముఖ్యంగా మన తెలుగు ఇళ్ళవాళ్ళకు ఇంకొక మాట. బడిలో తమిళం, వీధి మైకులో తమిళం, టీవీలో తమిళం. పదిహేను మాటలే వచ్చే బిడ్డకు ఆ పదిహేనూ ఇంటి తెలుగే. వాడికి చెప్పేది ఆ మాటల్లోనే చెప్పాలి. ఆ పని ఏ ప్రభుత్వ మైకూ చేయలేదు, ఇంటివాళ్ళే చేయాలి. చేతకాక మీకే దిగులు పుడితే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు ఇది, పైసా ఖర్చు లేదు. దీనిలో తెలుగూ ఉంది, తమిళమూ ఉంది.

ఇక ప్రభుత్వం చేయవలసింది. అందరూ కష్టపడిన కాలంలో వీళ్ళకు మాత్రం ప్రత్యేకం ఎందుకని గేటు మీటింగులో ఒకరు అన్నారు. జవాబు చట్టంలోనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షను ప్రకారం, విపత్తు వేళ వికలాంగులకు అందరితో సమానంగా రక్షణ ఇవ్వాలి. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలతో రికార్డు ఉంచాలి. ఆపద వస్తున్నదని వాళ్ళకు తెలియజేసే ఏర్పాటు చేయాలి. ఆ సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. 2020లో దేశాన్ని మూసింది కూడా విపత్తు నిర్వహణ చట్టం కిందే. మూసే అధికారం ఏ చట్టం ఇచ్చిందో, ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థకే ముందుగా చెప్పే బాధ్యతా ఉంది. నోటీసు అడగడం దయ కోరడం కాదు, హక్కు అడగడం.

కనుక మన ముందున్న పనులు నాలుగు. ఒకటి, తూత్తుకుడి, విరుదునగర్ కలెక్టర్లకు సంఘం తరఫున అర్జీ పెట్టి, 8వ సెక్షను కింద రికార్డు ఉందా, అందులో మన సభ్యుల బిడ్డల పేర్లున్నాయా అని అడగాలి. రెండు, మళ్ళీ కట్టడి వస్తే ఈ పిల్లలు తోడుతో బయట నడవడానికి గుర్తింపు కార్డే పాసుగా చెల్లాలని, ప్రత్యేక బడులను చివర మూసి ముందు తెరవాలని, మూసిన రోజుల్లో టీచరు ఇంటికి వచ్చే ఏర్పాటు ఉండాలని కోరాలి. మూడు, వచ్చే వేతన ఒప్పందం చర్చల్లో ఇలాంటి బిడ్డను చూసుకునే కార్మికులకు స్థిరమైన షిఫ్టు, మహమ్మారి కాలంలో జీతంతో సెలవు అనే రెండు కోరికలను బోనసు, కరువు భత్యం పక్కనే పెట్టాలి. నాలుగు, ఇది మనమే చేయవలసింది. ప్రతి డిపార్టుమెంటు ప్రతినిధి తన సభ్యుల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే, ఒక నోటు పుస్తకంలో రాయాలి. బిడ్డ పేరు, వాడికి అర్థమయ్యే మాటలు, వాడికి పడని శబ్దాలు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలైతే వాణ్ణి చూసుకునే మనిషి ఎవరు అన్న నాలుగు సంగతులు చాలు.

వచ్చే నెల జనరల్ బాడీలో ఈ నాలుగింటి మీద తీర్మానం పెడుతున్నాం. అలాంటి బిడ్డ ఉన్న సభ్యులు బిడ్డను ఇంట్లో ఎవరి దగ్గర వదలాలా అని ఆగిపోవద్దు. వెంట తీసుకునే రండి. ఆ రోజు మైకు శబ్దం తగ్గించి పెడతాం, చప్పట్లకు బదులు చేతులు ఎత్తుతాం.

మీ,
కార్యదర్శి